పాత సర్వరు పేరు మీద ఒక వరుస

...అయినా అది అబద్ధమేమీ చెప్పడం లేదు. మీరు నమ్మిన యంత్రం ఇది కాదు, దాని వేషంలో వేరొకరు ఉండవచ్చు, అంటోంది తెర. నిజమే. బాబాయి అమర్చిన సర్వరు పోయినవారం కాలిపోయింది. అదే చిరునామాలో కొత్తది పెట్టారు. ప్రతి సర్వరుకూ వేలిముద్రలాంటి కీ ఒకటి ఉంటుంది. పాత కీ నా కంప్యూటరులో ఒక వరుసగా రాసి ఉన్నంతవరకు కొత్తదానితో మాట కలవదు, పేజీలు ముద్రణకు వెళ్లవు.

"ఏమ్మా, పేజీలు నడిచొస్తున్నాయా?" గుమ్మంలో ప్రెస్సు ఫోర్‌మన్. "మిషను ఖాళీగా ఉంటే నా బీపీ నిండుతోంది."

"వస్తున్నాయి అన్నా, ఒక్క నిమిషం."

కొత్త కీని పొద్దున్నే సరిచూసుకున్నాను. ఇక పాతదాన్ని తుడిచేయడమే. చెయ్యి కదలదు.

పాత సర్వరుకు నా కంప్యూటరును మొదటిసారి కలిపిన రోజు, ఎవరైనా అయితే కీ చూడకుండా 'సరే' అనేస్తారు. బాబాయి ఒప్పుకోలేదు. గోడ అవతల సర్వరు గదిలోంచి, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు, అక్షరం అక్షరం చదివించాడు.

"బాబాయ్, మధ్యలో గోడేగా! ఇంకా అనుమానమా?"

"పేరు చెప్పినవాడల్లా ఆ పేరుగలవాడేనటే? చదువు."

"బి. అక్కడ పెద్దదా, చిన్నదా?"

"నీ అంత."

"అంటే?"

"పొట్టిదే!"

ఇద్దరం నవ్వాం. గోడ కూడా నవ్వినట్టే అనిపించింది.

బాబాయి పోయాక పిన్ని ఆయన చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది. ఆయన కుర్చీలో ఇప్పుడు వేరే మనిషి. ఆయన యంత్రం కోసం ఇంకా ఎదురుచూస్తున్నది ఈ ఒక్క వరుసే. ఎదురుచూసేది అదా, నేనా?

దారి ఒకటి ఉంది. ఈ చిరునామాకు కీ తనిఖీ మానేయమని కంప్యూటరుకు చెబితే చాలు. పాత వరుస అలాగే ఉంటుంది, పేజీలూ వెళ్తాయి. ఆ గడిలో టిక్కు పెట్టాను. గుండె తేలికపడింది. మరుక్షణమే సిగ్గేసింది. ఇక ఎవరు వచ్చి ఆయన సర్వరునంటూ నిలబడినా నా కంప్యూటరు తలూపుతుంది. ఆయన గుర్తును కాపాడడానికి ఆయన నేర్పిందాన్నే పాతిపెడుతున్నాను.

"అమ్మా, నిమిషమైంది!"

టిక్కు తీసేశాను. పాత వరుస మీద ఆగి, అందులోని అక్షరాలన్నీ పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకుని, తుడిచేశాను.