మాత్రల అసలు పేర్లు

"నా మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసివ్వవే. పెట్టె మీదుండే పేర్లు కాదు, లోపలి మందు పేర్లు," అన్నాడు మా ఆయన, పొద్దున కాఫీ తాగుతూ.

అప్పుడు నేను ఆ మాత్రలే సర్దుతున్నాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గదులున్న డబ్బా. పద్నాలుగేళ్ళుగా నా తీరికంతా దానికే ధారపోశాను. ఏ మాత్ర ఏ రంగులో ఉంటుందో కూడా తెలియని మహానుభావుడు ఈయన. మా చెల్లెలి పురిటికని రెండు రోజులు వెళ్తే, "మందులెక్కడ పెట్టి చచ్చావ్?" అని ఫోనులో అరిచాడు. అలాంటి మనిషికి ఇవాళ అసలు పేర్లు కావాలట. పెట్టె మీది పేరు దేశం మారితే మారిపోతుంది, లోపలి మందు పేరే ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది. వెళ్ళిపోతున్నాడు. నన్ను తీసుకెళ్ళడం లేదు. తీసుకెళ్ళేవాడైతే కాగితమెందుకు, నేనుంటానుగా!

ఈయన బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి పదకొండు మంది ఆడవాళ్ళు పోయారు. పని మధ్యలో ఎవరూ వెళ్ళిపోకూడదని తలుపుకి బయట తాళం వేయించింది ఈయనే. పది రోజుల తాత్కాలిక బెయిలు ఇవాళ్టితో సరి. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు కూర్చుని ఉంటారు, అసలు బెయిలు వస్తే వాళ్ళూ వెళ్ళిపోతారు. దానికి హామీగా మా అమ్మ ఇల్లు పెట్టాలట. టీచరు జీతంతో కట్టుకున్న రెండు గదుల ఇల్లది. నా పేర రాసిన రోజు, "మనసు విరిగినప్పుడు వచ్చి కూర్చోడానికి నీకంటూ ఒక గుమ్మం ఉండాలి తల్లీ," అంది అమ్మ. ఈయన పారిపోతే ఆ గుమ్మం కోర్టువాళ్ళది.

"ఇన్ని ఆస్తులుండగా నా ఇల్లెందుకండీ?" అని మొన్న లాయర్ని అడిగాను.

"ఉన్నవాడు ఆస్తి వదులుకుని కూడా పారిపోతాడమ్మా, అది జడ్జిగారికీ తెలుసు. భార్య తనకున్న ఒక్క ఇల్లూ పెట్టిందనుకోండి, అప్పుడు నమ్మకం," అన్నాడు మెత్తగా.

అత్తయ్య అందుకుంది. "మొగుడు జైలు కూడు తింటానికి సిద్ధంగా ఉంటే ఇది ఇల్లు ఇల్లు అని ఏడుస్తుందేంటి?"

కాగితం రాసిచ్చాను. ఏది తిండికి ముందు, ఏది తర్వాత అన్నది కూడా గుండ్రటి అక్షరాలతో రాశాను. చెయ్యి అలవాటు పడిపోయింది, ఏం చెయ్యను! రాస్తున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది.

కోర్టులో నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ లాయరు, "సొంత విమానాలున్న స్నేహితులున్నారు సార్. పాస్‌పోర్టు మన దగ్గరుందని ఆగే మనిషి కాదు," అన్నాడు. మా లాయరు నావైపు చెయ్యి చూపించాడు. "ఈయన ప్రాణం ఆమె చేతిలో ఉంది సార్. రోజూ ఆమె మందులిస్తేనే వేసుకుంటారు. ఆమెని వదిలి ఎక్కడికి పోతారు?" పద్నాలుగేళ్ళలో నా పని గురించి ఒకరు గొప్పగా చెప్పడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

"ఏమ్మా, మీరు లేకుండా ఆయన ఉండగలరా?" జడ్జిగారు నన్నే అడిగారు.

లేచి నిలబడ్డాను. వెనక వరసలో చనిపోయినవాళ్ళ తల్లులు కూర్చుని ఉన్నారు.

"ఉండగలరండీ. ఎన్నాళ్ళైనా ఉండగలరు. ఎక్కడికెళ్ళినా దొరికేలా మందుల పేర్లన్నీ ఈ పొద్దున్నే నాచేత రాయించుకున్నారు."

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జిగారూ నవ్వారు. "జైలుకెళ్ళాల్సి వచ్చినా మందులు తప్పకూడదని ఎంత జాగ్రత్త పడిందో చూడండి ఈ తల్లి!"

"అది కాదండీ, నేను చెప్పేది..."

"అర్థమైందమ్మా, కూర్చోండి."

వెనక వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒకావిడ నా ముఖంలోకే చూస్తోంది. ఆవిడకి అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఆవిణ్ణి అడిగేవాళ్ళెవరు?

బెయిలు ఇచ్చేశారు. గుమాస్తా హామీ కాగితం నా ముందు పెట్టి, వేలితో చోటు చూపించాడు. మా ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. అంత మెత్తగా ఎప్పుడూ వెయ్యలేదు. నేను పెన్ను మూత పెట్టేశాను.

"నేను పెట్టను."

మీద పడతారనుకున్నాను. అరుస్తారనుకున్నాను. లాయరు సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు. అందులో మా మరిది పేరు, మరిది ఇల్లు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. "కాస్త జరుగు వదినా," అని మరిది సంతకం పెట్టాడు. జడ్జిగారు తలెత్తకుండానే సరేనన్నారు. మా ఆయన చొక్కా జేబు తడుముకుని, నేను రాసిచ్చిన కాగితం ఉందని చూసుకుని, బయటికి నడిచాడు.

మరిది సంతకం పక్కన టైపు చేసిన తేదీ కనబడింది. నిన్నటిది. ఆయన పారిపోతాడన్న మాట జడ్జిగారు నమ్మలేదు. నేను తప్పించుకోవచ్చని మాత్రం మా ఇంట్లోవాళ్ళు నిన్ననే అంచనా వేసుకున్నారు.