స్వరూప గది తాళం

నేను ఒక ఇత్తడి తాళం కప్పను. ఆ సాయంత్రం స్వరూప నాలోంచి తాళంచెవి తీసేసరికి, ఆమె ఎన్నడూ పోయని నూనె దానికి అంటుకొని ఉంది.

తలుపు తోసి చూసింది. ఏదీ పోలేదు. మంచం మీద దుప్పటి మాత్రం ఎవరో కూర్చున్నట్టు నలిగి ఉంది. గ్లాసులో సగం నీళ్లున్నాయి.

నేను అలీగఢ్‌లో పుట్టి, జగిత్యాలలో ఒక బియ్యం వ్యాపారి గోదాముకు కాపలా కాశాను. ఆయన నన్ను మాటిమాటికీ లాగి చూసుకునేవాడు, వెనక కిటికీ మాత్రం తెరిచే ఉంచేవాడు. తర్వాత పాత సామాన్ల కొట్టుకు చేరాను. భర్త సమ్మయ్య దెబ్బలు పడలేక వేరే గది తీసుకున్న రోజున స్వరూప నన్ను కొన్నది. ఆ గడప తొక్కొద్దని కోర్టు సమ్మయ్యను ఆదేశిస్తూ స్వరూపకు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. కొట్టిన కేసులో బెయిలు ఇస్తూ, ఆ వీధిలోకే పోవద్దని షరతు పెట్టింది. మీరితే బెయిలు రద్దు, పైగా ఏడాది దాకా జైలు. సమ్మయ్య వృత్తి తాళాలు బాగుచేయడం. అలాంటివాణ్ణి ఆపమని మనుషులు తలుపుకు నన్ను వేలాడదీశారు.

ఇంటి యజమానురాలు నర్సవ్వ దగ్గర రెండో తాళంచెవి ఉంది. స్వరూప ఆమెవైపు చూసింది.

"నా దిక్కు గట్ల జూడకు బిడ్డా. నీ గదిల నాకేం పని?"

నేనూ ఆమెను పూర్తిగా నమ్మలేదు.

మర్నాడు స్వరూప నన్ను సంచిలో వేసుకొని స్టేషన్‌కు పోయింది.

"తాళం పగలలేదు, సొమ్ము పోలేదు. ఆయనే అని ఎట్ల రుజువు చేస్తం?" అంది ఎస్సై వనజ.

"నిన్న నేను లేనప్పుడొచ్చిండు మేడం. రేపు నేను లోపలుండంగ వస్తే?"

ఎస్సై నన్ను ఉంచేసుకుంది. బెయిలు షరతు ప్రకారం సమ్మయ్య సంతకానికి వచ్చినప్పుడు నన్ను బల్ల మీద అతని ముందుకు తోసింది.

"పనోడివి గదా సమ్మయ్యా. ఈ తాళం బిగుసుకపోయింది. పోయినసారి బాగుచేసినోడు చుక్క నూనె గూడ పొయ్యలే. ఎవడో చేతగానోడు."

సమ్మయ్య ముఖం ఎర్రబడింది.

"ఎందుకు పొయ్యలే మేడం, మొన్ననే నేను..."

ఆగిపోయాడు. ఎస్సై కుర్చీ చూపించింది. అతను కూర్చొని, నావైపు చూడకుండా చెప్పాడు:

"తీగ పెట్టి తీసిన. లోపల ఎండిపోయుంటే నూనె పోసిన, చెయ్యి ఊకోలే. దొంగతనానికి పోలే మేడం. మంచం మీద కూసున్న, ఆమె గ్లాసుల నీళ్లు తాగిన. నేనొచ్చిపోయిన్నని ఆమెకు తెల్వాలె. గా గదిల గూడ నిద్ర పట్టకుంటే, ఆమెనే ఇంటికొస్తదనుకున్న."