గ్లోబు చెప్పిన తొమ్మిది గంటలు

"వాడి నోరు పడిపోను! తొమ్మిది గంటలట, తొమ్మిది గంటలు!" అని పైకే తిట్టింది చిన్నక్క. విమానాశ్రయంలో పక్క కుర్చీలో కునుకు తీస్తున్నాయన ఉలిక్కిపడి సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

తిట్టు ఆయనకి కాదు, తమ్ముడికి. ఇంట్లో వాడి పేరు గ్లోబు. చిన్నప్పుడు బడిలో గ్లోబు మీద దారం పెట్టి దూరాలు కొలిచి బహుమతి కొట్టాడు. అంతే, ఆనాటి నుంచి ఇంటిల్లిపాదికీ వాడు చెప్పిందే దూరం. పెళ్ళికైనా చావుకైనా వాణ్ణి అడక్కుండా ఎవరూ గడప దాటరు. ఈసారీ అంతే. ఫోన్లో చిన్నక్క ఊరి విమానాశ్రయం, పెద్దక్క ఊరి విమానాశ్రయం కొట్టాడు. ఇంత దూరం, తొమ్మిది గంటలు అని వచ్చింది. అది కాకి ఎగిరే తిన్నని దారి! ఆ దారిన ఏ విమానమూ పోదని చూసుకోవద్దూ? టికెట్టు కొననే లేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెద్దక్క దగ్గరికి పరిగెత్తి, "ఆపరేషన్‌కి ముందే చిన్నక్క నీ మంచం పక్కన ఉంటుంది" అని మాటిచ్చేశాడు.

తీరా చూస్తే రెండు విమానాలు. మొదటిది ఆమెని ఎటో పక్కకి తెచ్చి ఇక్కడ పడేసింది. రెండోది ఇంకా రాలేదు. వచ్చి, ఎక్కి, దిగేసరికి రేపు తెల్లారుతుంది. పెద్దక్క గుండె ఆపరేషన్ ఇవాళే, ఇంకాసేపట్లో.

ఆవిడేమో, "చిన్నది కళ్ళపడితేగానీ లోపలికి రాను" అని భీష్మించుకు కూర్చుంది. అమ్మ పోయాక చిన్నక్కని పెంచింది ఆవిడే. మిషను ముందు కూర్చోబెట్టి కుట్టుపని నేర్పింది ఆవిడే. మొండితనమూ ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

ఫోను మోగింది. గ్లోబు.

"చిన్నక్కా, డాక్టరు కేకలేస్తున్నాడు. ఇవాళ కాదంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేడట. అంతదాకా ఆగే గుండె కాదట. నువ్వు దిగావని చెప్పేశాను. నువ్వూ ఆ మాటే..."

"సిగ్గు లేదట్రా? నువ్వు చింపినదానికి నేను మాసిక వెయ్యాలా?"

"నన్ను తర్వాత చంపుదువుగాని. ఇదుగో, పెద్దక్క."

"దిగావుటే?" పెద్దక్క గొంతు పీలగా వచ్చింది.

చిన్నక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెధవ మీద, విమానం మీద, తన మీద కూడా. పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషితో అబద్ధమాడింది లేదు.

"దిగానక్కా. కారులో ఉన్నా. నువ్వు లోపలికెళ్ళు, బయటికొచ్చేసరికి ఎదురుగా ఉంటాను."

సరిగ్గా అప్పుడే నెత్తిమీద మైకు గొంతు చించుకుంది. విమానం ఇంకా ఆలస్యమట, ప్రయాణికులు ఇక్కడే కూర్చోవాలట. చిన్నక్క గబుక్కున ఫోనుని గుప్పిట్లో మూసింది. ఆ మైకుని పీకి పాతరెయ్యాలనిపించింది.

"ఈమధ్య కార్లలో మైకులు కూడా పెడుతున్నారన్నమాట" అంది పెద్దక్క. "సర్లే. డ్రైవర్ని తొందరపెట్టకు. మెల్లగా రా."

తర్వాత నర్సుతో అంటున్న మాట వినిపించింది. "పదమ్మా, తీసుకెళ్ళు. మా చెల్లెలు వచ్చేసింది."

ఫోను మళ్ళీ గ్లోబు చేతికొచ్చింది. "వెళ్ళింది" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు.

దాచుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"ఒరేయ్, నేను వచ్చేదాకా ఆ తలుపు దగ్గర్నుంచి కదిలావో, కాళ్ళు విరగ్గొడతా" అంది చిన్నక్క.