కొట్లోంచి వచ్చే చింతపండు

బొబ్బిలి బజారులో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన నగరేశ్వరరావుకు మోకాళ్లు మొరాయించాయి. ఇక చాలు, ఇంటిపట్టున కూర్చుందాం అనుకున్నాడు. వరసకు బావమరిది రంగనాథం కొట్టును ఆరు వేలకు కొంటానన్నాడు. అది వడ్డీకి వేస్తే నెలకు ముప్ఫై రూపాయలు. బియ్యం, పాలు, కట్టెలు, బట్టలు అన్నీ కలిపినా ఇరవై దాటడం లేదు.

"పది మిగులుతాదే!" అని మురిసిపోయాడు. పిడికెడు కొసరు వేయడానికే ప్రాణం విలవిల్లాడే మనిషి, లెక్క తప్పుతాడా మరి!

భార్య లక్ష్మీనరసమ్మ చింతపండు పిసుకుతూ వింది.

"దీనికెంత ఏసేవు?"

"చింతపండుకేటి ఎయ్యడం? కొట్లోంచి వస్తాది కదా!"

"ఏ కొట్లోంచి?"

నగరేశ్వరరావు మళ్లీ లెక్కకు దిగాడు. ఉప్పూ పప్పూ నూనే బెల్లమూ ఏనాడూ డబ్బిచ్చి కొన్న పాపాన పోలేదు. ఆవిడ గిన్నెతో కొట్లోకి వచ్చేది, నింపుకుని పోయేది. ఊళ్లో ఎవరింట్లో ఎంత నూనె ఖర్చవుతుందో చెప్పగలడు గానీ తన ఇంటి సంగతి ఎరగడు. అవి కూడా కలిపితే నెల ఖర్చు ముప్ఫై దాటిపోయింది. యుద్ధం పుణ్యమా అని ధరలు ఇంకా పెరుగుతున్నాయి. ఈ మోకాళ్లతో మళ్లీ కొట్లో కూర్చోవాలా భగవంతుడా అని దిగులు పట్టుకుంది.

మర్నాడు రంగనాథం బయానా తెచ్చాడు.

"నాలుగు వేలే ఇయ్యి," అన్నాడు నగరేశ్వరరావు. "మా ఇంటి సరుకులు మాత్రం నెలనెలా నువ్వే ఇయ్యాల."

"ఎన్నాళ్లు బావా?"

"నేనున్నన్నాళ్లు."

రంగనాథం ఆ మోకాళ్ల వంక చూసి, సంతోషంగా ఒప్పుకోబోయాడు.

"ఆయన తరవాత నేను సప్పిడి కూడు తినాలేటి?" అంది తలుపు దగ్గర నుంచి లక్ష్మీనరసమ్మ. ఆవిడ భర్తకంటే పన్నెండేళ్లు చిన్న.

నగరేశ్వరరావు తలుపు వైపు తిరిగాడు. చింతపండునే కాదు, ఆవిడనే మరిచిపోయాడు.

"మా ఇద్దర్లో ఆఖరి మనిషి ఉన్నన్నాళ్లు. లేదంటే బేరం లేదు," అన్నాడు.

రంగనాథం బుర్ర గోక్కుని, చివరికి సరేనన్నాడు.

మరుసటి నెల నగరేశ్వరరావు సంచితో వెళ్లి కొట్టు ముందు, కొనేవాళ్లు నిలబడేచోట నిలబడ్డాడు. రంగనాథం చింతపండు తూచాడు. తూకం సరిగ్గానే ఉంది. అయినా నగరేశ్వరరావు కదల్లేదు.

"కొసరెయ్యరా."

"నువ్వెప్పుడైనా ఏసేవా బావా?"

"ఎయ్యలేదు," అన్నాడు నగరేశ్వరరావు. "నాకు కాదురా. ఆవిడకెయ్యి."