ఎదురింటి అరుగు

తట్ట నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కుతూ సౌభాగ్యమ్మ మళ్ళీ ఎదురింటి వంక చూసింది. వరసకు వదినయ్యే పెద్దింట్లమ్మ అరుగు పక్కన ఈ ఏడు కొత్త మట్టి పడలేదు. ఆ సంగతి పొద్దుట నుంచి ఎన్నిసార్లు చూసుకున్నా తనివి తీరడం లేదు.

గుల్లలంక కొల్లేట్లో ఊరు. వానాకాలం బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీళ్ళు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయేదాకా ఊరి చుట్టూ నీళ్ళే. అందుకని తాతల నాటి నుంచీ ఒకటే పద్ధతి. ఎండలకు కొల్లేరు వెనక్కి తగ్గగానే అడుగు మట్టి తవ్వి తెచ్చి, ఎవరి అరుగూ నేలా వాళ్ళు పెంచుకోవాలి. ఎక్కడ తవ్వినా నత్తగుల్లలూ, కుండ పెంకులూ, ఎవరివో పాత పొయ్యిరాళ్ళూ బయటపడతాయి. ఈమధ్య చేపల చెరువులు వచ్చాక గట్లు అడ్డుపడి నీళ్ళు ఇంకా పైకెక్కుతున్నాయి. పంచాయతీవాళ్ళు సిమెంటు రోడ్డు వేశారు గానీ, అందరికంటే ముందు మునిగేది అదే.

సౌభాగ్యమ్మ ఇంట్లో నేల పెరిగింది, కప్పు పెరగలేదు. ఇంట్లో వంగి నడుస్తుంది. అయినా మట్టి పోయడం మానదు.

పెద్ద వరద వచ్చిన ఏడు ఆమె పొయ్యి మునిగిపోయింది. మొగుడితో, పిల్లలతో, కోళ్ళగంపతో ఎదురింటి అరుగెక్కింది. పెద్దింట్లమ్మ చాప వేసింది, ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది. "మా అరుగుందిగా సౌభాగ్యం, నీకేం భయం?" అంది. వరద తీసింది గానీ ఆ మాట తియ్యలేదు. తిన్న ముద్ద ఇప్పటికీ గొంతులోనే ఉన్నట్టుంటుంది. మళ్ళీ ఆ అరుగు తొక్కలేదు. మొగుడు పోయాడు, పిల్లలు పనులకని గుడివాడ చేరారు. కుళ్ళు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

"ఈ ఏడు గట్టిగానే పోస్తున్నావే," అంది పెద్దింట్లమ్మ, అరుగు మీద గుంజకు ఆనుకుని. మొహం ఉబ్బింది, మాటకీ మాటకీ ఆయాసం.

"ఎలకలు తవ్విపోశాయి వదినా. సరిచేస్తున్నానంతే."

"నా వల్ల కావట్లేదే ఈసారి."

"పడుకో వదినా. ఒంటికంటే ఎక్కువా?" అంది సౌభాగ్యమ్మ తేనె పూసినట్టు. ఎన్నో ఏళ్ళ తర్వాత కడుపు చల్లబడింది.

మట్టి పోశాక చెరువు గట్టు మీద చేపల ప్యాకింగు పనికి వెళ్ళింది. ఐసు నీళ్ళకు వేళ్ళు తెల్లగా నానిపోయి, మోచేతుల దాకా చేప పొలుసు అంటుకుని ఉంటుంది. కలకత్తా లారీకి ట్రేలు నింపుతూ సౌభాగ్యమ్మ తనలో తను నవ్వుకుంటోంది. ఈసారి వరద వస్తుంది. పెద్దింట్లమ్మ కోళ్ళగంప పట్టుకుని తన అరుగెక్కుతుంది. తను చాప వేస్తుంది. ఆ మాటే, అదే గొంతుతో, అంటుంది.

"ఏంటి సౌభాగ్యమ్మా, మొహం వెలిగిపోతోంది?" అన్నాడు మేస్త్రి దానియేలు.

"ఈసారి వరదొస్తే మా వదిన మా ఇంటికే రావాలి."

"వరద కోసం ఎదురుచూసే మనిషిని నిన్నే చూశా," అన్నాడు దానియేలు.

మధ్యాహ్నం లారీ కదిలాక ఇంటికి బయల్దేరింది. పెద్దింట్లమ్మ ఇంటి ముందు జనం ఉన్నారు. అరుగు మీద ఆమెను పడుకోబెట్టారు. తల దగ్గర దీపం వెలుగుతోంది. సౌభాగ్యమ్మ కాళ్ళు మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎక్కాయి.

పెద్దింట్లమ్మ కోడలు సరళ సౌభాగ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "మీరు పనికెళ్ళగానే అత్తయ్య తట్ట పుచ్చుకుని దిగింది పిన్నీ. వద్దంటే వినదే. 'అది పెంచేస్తోందే సరళా, వరదొస్తే దాని అరుగెక్కి అది పెట్టింది తినాలా నేను' అంది. మెట్ల దాకా తెచ్చి దించింది, మళ్ళీ తట్ట ఎత్తబోయి అక్కడే కూలబడిపోయింది."

సౌభాగ్యమ్మ చెయ్యి విడిపించుకుని దీపం పక్కన కూర్చుంది.

"ఏటా ఇంతే పిన్నీ. మీరొక తట్ట పోస్తే ఆవిడకి నిద్ర పట్టేది కాదు."

ఏడుపు కంటే ముందు సౌభాగ్యమ్మకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు తనను చూసి ఒక మనిషి కుళ్ళుకుంటే, ఆ సంగతి ఒక్క పూటైనా తనకు తెలియనివ్వలేదు. తెలిసి ఉంటే ఎంత హాయిగా బతికేది! తలెత్తి తన ఇంటి వంక చూసింది. ఇక్కడి నుంచి చూస్తే తన అరుగే ఎత్తుగా ఉంది. ఇన్నేళ్ళూ అక్కడ నిలబడి ఇదే ఎత్తనుకుంది. అప్పుడు ఏడ్చింది, సొంత అక్క పోయినట్టు ఏడ్చింది.

పొద్దువాలే వేళకు తీసుకెళ్ళిపోయారు. ఇక వరద వచ్చినా తన అరుగెక్కాల్సిన మనిషి లేదు. సౌభాగ్యమ్మ మెల్లగా మెట్లు దిగింది.

చివరి మెట్టు పక్కన పెద్దింట్లమ్మ తట్ట ఉంది. అందులో సగం దాకా కొల్లేటి మట్టి, దాన్ని సర్దిన వేళ్ళ గుర్తులు, వాటి మధ్య ఇంకా తడి ఆరని ఒక తెల్లటి నత్తగుల్ల.