కుప్ప కింది మన్ను

మా చిన్నాయన చెంచురామయ్య పెంటకుప్ప అడుగున మోచేతిదాకా చెయ్యి పెట్టి నల్లటి మన్ను తోడుతుంటే, నేను ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. పశువుల ఉచ్చతో నానిన ఆ ముద్దలో తెల్లటి పురుగులు మెదులుతున్నాయి.

మన్ను పరీక్ష చేసి జీలుగ విత్తనాలు ఊరికే ఇస్తామని బ్లాకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొడవలూరు పక్కనున్న మా మెరక చేను రెండెకరాలు. ఎకరాకు రెండు పుట్ల వడ్లు పండింది కాస్తా మూడేళ్లలో ఒక పుట్టికి దిగింది. జీలుగను పచ్చిరొట్టగా పెంచి దమ్ము బురదలో తొక్కితేనే ఆ చేను మళ్లీ చేనవుతుంది.

"చేనిలో మన్ను గదా చిన్నాయనా, వాళ్లు అడిగింది?" అన్నాను.

"ఆ బూడిద పంపితే మంచి రైతని ఎవడంటాడ్రా? పెళ్లిచూపుల్లో పిల్లను మాసిన కోకతో కూర్చోబెడతామా?"

ఆ మన్ను రెండు రోజులు ఎండింది. పిండి జల్లెడ తీసి దాన్ని జల్లించాడు. పిన్నమ్మ ఆదిశేషమ్మ గడపలోంచి చూసి, "ఆ జల్లెడ ఇంక కొట్టంలోనే పెట్టుకోండి. దాంతో జల్లించిన పిండి మీరే తినాల," అంది. గుడ్డసంచి మీద మెరక చేని సర్వే నంబరు రాసింది నేనే. కాలేజీలో చదువుతున్నవాణ్ని, తప్పని తెలుసు. అయినా రాశాను.

వైశాఖం చివర్లో బ్లాకు ఆఫీసు గ్రామసేవకుడు గంగాధరం కార్డులు, విత్తనాల మూటలు పట్టుకుని మా మెరక చేనికే వచ్చాడు. పదిమంది రైతులు చేరారు. పిన్నమ్మా నేనూ గట్టు మీద నిలబడ్డాం. మా కార్డు పైకి చదివాడు.

"సేంద్రియ కర్బనం, అంటే మట్టిలో సారం, చాలా ఎక్కువ."

చిన్నాయన మీసం దువ్వుకున్నాడు.

"పచ్చిరొట్ట అక్కర్లేదు. మీకు విత్తనాలు రావు."

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. గంగాధరం మడమతో నేలను గీరాడు. దుమ్ము లేచింది. "కార్డులో వెన్న, కాళ్లకింద సున్నం. ఎట్లా?"

పక్క చేని మస్తానయ్య అడిగాడు. "అయినా ఏటా పెంట తోల్తానే ఉండాం గదయ్యా. అదంతా యాడికి పోతాది?"

"మట్టిలో కంటికి కనబడని జీవాలు కోట్లు ఉంటాయి. ఎరువు తినేది అవే. కొంత ఒంట్లో దాచుకుంటాయి, చచ్చి ఆ సారం మట్టికే ఇస్తాయి. చలిదేశాల్లో అవి నిదానంగా తింటాయి కాబట్టి అక్కడ నిలవ ఎక్కువ. మన ఎండకు వాటి ఆకలి పెరుగుతుంది. ఎండి ఎండి తొలివాన పడిందా, కరువులోంచి వచ్చినట్టు మీదపడి తింటాయి. తిన్నదాంట్లో సగానికి పైగా ఊపిరిగా గాలిలో కలిసిపోతుంది."

"మరి మా పల్లపు చేను నల్లగానే ఉండాదే?"

"నీళ్లు నిలిస్తే వాటికి ఊపిరాడదు. అంత తినలేవు." గంగాధరం మా చిన్నాయన వైపు తిరిగాడు. "చెంచురామయ్య గారూ, ఈ మన్ను ఈ చేనిది కాదని ఒక్క మాట చెప్పండి. కార్డు చించేసి ఇప్పుడే విత్తనాలు కొలుస్తాను. ఈ పూట దాటితే మళ్లీ ఏడాదే."

పదిమందీ చిన్నాయన మొహంలోకి చూశారు. ఆయన పిన్నమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"మా ఇంటిది తెచ్చిందయ్యా. ఆడమనిషి. కుప్ప కిందది ఎత్తి సంచికి పోసింది. నాకేం తెలుసు?"

నవ్వులు లేచాయి. మస్తానయ్య, "ఏమక్కా, వడియాలు గూడా ఆ మన్నుతోనే పెడతావా?" అన్నాడు.

పిన్నమ్మ నా వైపు చూసింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. పెంటకుప్ప దగ్గర కూడా పుట్టనంత రోత అప్పుడు పుట్టింది. ఆయన మీద ఎంతో, నా మీదా అంతే.

"అవును నాయనా, నేనే తెచ్చినా. తెలీక," అంది పిన్నమ్మ, గంగాధరంతో. "ఇత్తనాలు కొలవండి."

కొలిచాడు. చిన్నాయన మూట ఎత్తమని నాకు కన్ను చూపించాడు. పిన్నమ్మ అడ్డం నిలబడింది.

"అబ్బయ్య మోయడు. మన్ను తెచ్చింది నేనైతే, మూట మోసేది మీరు."

ఆయన నెత్తికెత్తుకున్నాడు. గట్టు మీద నాలుగడుగులు వేసి, మెడ తిప్పలేక అక్కడే నిలబడి, "ఆడది, తెలీక చేసింది," అని మస్తానయ్యకు వినబడేలా మళ్లీ చెప్పాడు.

పిన్నమ్మ పక్కకు తిరిగి ఉమ్మింది.