పదిహేడు మంది చూసిన వెలుగు

నేను ఒక ప్రోటీన్‌ని. పచ్చకాంతి పడితే ఎర్రగా వెలుగుతాను. అంతకు మించి ఏ పనీ రాదు. మా మూలపురుషుడు సముద్రం అడుగున పువ్వులా ఊగే ఒక జీవిలో హాయిగా ఉండేవాడు. మనుషులు అతన్ని తయారుచేసే జన్యువును తెచ్చి బాక్టీరియాలో పెట్టి, "ఇంకాస్త వెలగవేం?" అని సతాయించడం మొదలుపెట్టారు.

నన్ను తయారుచేసింది విశాఖపట్నంలో సుభాషిణి అనే పరిశోధక విద్యార్థిని. పులుసులో ఉప్పు సరిచూసినట్టు, నాలుగేళ్ళపాటు ఒక్కొక్క అమైనో ఆమ్లమూ మార్చి చూసింది. రెండు వందల పదకొండు మంది తోబుట్టువులు పనికిరారని తేలాక నేను పుట్టాను. నాకూ ఒక లోపం ఉంది. గట్టి వెలుతురు పడేకొద్దీ ఆరిపోతాను. ఆ వెలుతురుకు నేనున్న కణాలూ చస్తాయి.

నన్ను పోలినాయుడనే లారీ డ్రైవర్ బతికుండగా తీసి దాచిన కండర కణాల్లో పెట్టారు. కండరాలు కరిగిపోయే జబ్బుతో ఆయన అప్పటికే చనిపోయాడు. చెల్లెలు నరసమ్మకూ అదే జబ్బు. కండరం ముక్క తీయడానికి ఆమె శరీరం ఇంకో కోతకు తట్టుకోదన్నారు డాక్టర్లు. అందుకని అన్న కణాల మీదే కొత్త మందు వేసి చూడాలి. ఈ జబ్బు వల్ల కణం లోపల కదలక అడ్డుపడిన సరుకుకు నన్ను అంటించారు. అది కదిలితే మందు పనిచేసినట్టు. అప్పుడే నరసమ్మకు మొదలుపెడతారు. మిగిలింది ఒక్క గిన్నెడు కణాలు.

మందు వేసి వీడియో తీయాల్సిన రోజే, గ్రాంటు ఇచ్చే పరిశీలన కమిటీ దిగింది.

"ఒక్క నిమిషం చూపించమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు.

"వద్దు సార్. సన్న వెలుతురులో మూడు గంటలు వీడియో తీయాలి. ఇదే ఆఖరి గిన్నె."

"చూస్తే అరిగిపోతుందేమిటమ్మా?" అన్నారు చైర్మన్ గారు. అందరూ నవ్వారు. గ్రాంటు ఆయన చేతిలో ఉంది కనుక ప్రొఫెసర్ గారు అందరికంటే కాస్త ఎక్కువసేపు నవ్వారు.

సన్న వెలుతురులో నేను మనిషి కంటికి ఆనను. అతిథులకు లోటు జరక్కూడదని ప్రొఫెసర్ గారు మైక్రోస్కోపు దీపం పూర్తిగా పెంచారు. మెడలో శాలువాలతో వరుస కట్టారు, పదిహేడు మంది. ఒకావిడ "అచ్చం నా నెక్లెస్‌లో కెంపులే!" అని మురిసిపోయి, కారులో ఉన్న ఆడపడుచును కూడా పిలిపించింది. ఒకాయన తెరవవలసిన కన్ను మూసి, మూయవలసిన కన్ను తెరిచి, "అద్భుతం!" అన్నాడు.

వాళ్ళు భోజనాలకు వెళ్ళాక సుభాషిణి దీపం తగ్గించి వీడియో మొదలుపెట్టింది. తెర నల్లగా ఉంది. కణాలు గుండ్రంగా ముడుచుకుని, గాజు మీద పట్టు వదిలేశాయి. అయినా ఆమె కదలకుండా కూర్చుని, మూడు గంటలూ ఆ చీకటినే రికార్డు చేసింది.

సాయంత్రం నరసమ్మ వచ్చింది. "మా అన్న కణాలు అవుపడ్డాయేటమ్మా?"

"అందరూ చూశారక్కా," అంది సుభాషిణి.

నరసమ్మ ముఖం విప్పారింది. "మరైతే ఆ మందు నాకెప్పుడిత్తారు?"

సుభాషిణి చాలాసేపు చేతి తొడుగులు విప్పుతూనే ఉండిపోయింది.

ఇప్పుడు నేను వరండాలో, పసుపుపచ్చ సంచిలో ఉన్నాను. కాల్చడానికి పట్టుకెళ్ళే బండి రేపు వస్తుందట. బయట నరసమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. ఒక మెట్టు దిగి, ఆగి, కాలును చేత్తో ఎత్తి ఇంకో మెట్టు మీద పెడుతోంది.